అంపైర్ పొరబడ్డాడా, మొగ్గు చూపాడా? మైదానంలో నిష్పాక్షికత ఎలా తయారవుతుంది

ఐపీఎల్ మొదలైతే విజయవాడ, గుంటూరు ఇళ్లల్లో రాత్రి పదింటికి కూడా టీవీ ముందు ఒకటే గొడవ. "అది అవుట్ ఎలా ఇస్తాడు? అంపైర్ అమ్ముడుపోయాడు" అని ఒకరంటారు. "రివ్యూలో మూడూ ఎర్రగా చూపించారుగా" అని ఇంకొకరు ఎదురు తిరుగుతారు. సంక్రాంతికి తెనాలి, గుడివాడ చుట్టుపక్కల కబడ్డీ, వాలీబాల్ టోర్నమెంట్లు పెట్టినా ఇదే మాట వినిపిస్తుంది. ఓడిన జట్టు వెంట వచ్చినవాళ్లు రిఫరీని చుట్టుముడతారు, కమిటీవాళ్లు సర్దిచెబుతారు, ఆ సాయంత్రమే ఎవరో ఫోన్‌లో తీసిన వీడియో వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంది.

ఈ గొడవల్లో మూడు వేర్వేరు విషయాలు కలిసిపోతున్నాయి. ముందు వాటిని విడదీయాలి.

పొరపాటు, మొగ్గు, మోసం: మూడూ ఒకటి కావు

ఒక రనౌట్ తీసుకుందాం. బంతి వికెట్లకు తగిలేసరికి బ్యాటర్ క్రీజుకు అంగుళం దూరంలో ఉన్నాడు. అంపైర్ నాటౌట్ అన్నాడు.

దుమ్ము లేచి క్రీజు గీత సరిగా కనబడక అలా అని ఉంటే అది పొరపాటు. ఇలాంటివి ఈ రోజు ఒక జట్టుకు తగిలితే రేపు ఇంకో జట్టుకు తగులుతాయి. సీజన్ మొత్తం లెక్కేస్తే దాదాపు సమానంగా పంచుకుపోతాయి.

అనుమానం వచ్చిన ప్రతిసారీ పెద్ద జట్టుకో, సొంత ఊరి జట్టుకో అనుకూలంగా చెయ్యి కదులుతుంటే అది మొగ్గు. ఆ సంగతి అంపైర్‌కే తెలియకపోవచ్చు. గుండె మీద చెయ్యేసుకుని "నేను ఎవరి పక్షం కాదు" అంటాడు, అందులో అబద్ధం ఉండదు. అయినా లెక్క తీస్తే తప్పులన్నీ ఒకే వైపు పేరుకుని కనిపిస్తాయి.

డబ్బు తీసుకునో, పందెం కాసో తెలిసి తెలిసి తప్పుడు నిర్ణయం ఇస్తే అది మోసం. ఇది కట్టుకథ కాదు, జరిగిన సంగతే. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో రిఫరీగా చేసిన టిమ్ డొనాగీ పందేల వ్యవహారంలో 2007లో నేరం ఒప్పుకున్నాడు. మరుసటి ఏడు 15 నెలల జైలుశిక్ష పడింది.

చిక్కేమిటంటే ఒక్క నిర్ణయాన్ని మాత్రమే చూస్తే ఈ మూడూ బయటికి ఒకేలా ఉంటాయి. ఆ అంగుళం దూరం వెనక దుమ్ము ఉందో, అభిమానం ఉందో, డబ్బు ఉందో గ్యాలరీలో కూర్చున్నవాళ్లకు తెలిసే దారి లేదు. చాలా నిర్ణయాలను వరసగా పెట్టి చూస్తేనే తేడా తెలుస్తుంది. ఒక్క బంతికే "అమ్ముడుపోయాడు" అనేయడం అందుకే అన్యాయం. అంపైర్లు పొరపాట్లే చెయ్యరని, ఎప్పుడూ ఎటూ మొగ్గరని నమ్మడం కూడా అంతే తప్పు.

ఎవరి పని ఏమిటి

క్రికెట్లో మైదానంలో నిలబడేవాళ్లు అంపైర్లు. మ్యాచ్ రిఫరీ బయట కూర్చుని ఆటగాళ్ల ప్రవర్తన చూస్తారు, జరిమానాలు వేస్తారు. అవుటా కాదా అన్నది వారి పని కాదు. ఐసీసీ అంతర్జాతీయ మ్యాచ్ రిఫరీల ప్యానెల్లోకి 2019లో తీసుకున్న తొలి మహిళ జి.ఎస్. లక్ష్మి మన రాజమండ్రిలో పుట్టి, ఆంధ్ర జట్టుకు ఆడినవారే. కబడ్డీలో ఒక రిఫరీ, ఇద్దరు అంపైర్లు, ఒక స్కోరర్, ఇద్దరు అసిస్టెంట్ స్కోరర్లు ఉంటారు. ఆర్చరీలో జడ్జి అంటారు, చెస్‌లో ఆర్బిటర్ అంటారు. పేర్లు మారినా అందరూ చేసేది ఒకటే: జరిగింది చూడడం, దానికి ఏ నిబంధన వర్తిస్తుందో తేల్చడం, ఆలస్యం చెయ్యకుండా చెప్పడం.

మ్యాచ్‌కు ముందే సగం పని

రూల్స్ బుక్ ఒకసారి చదివి ప్యాంటు, టోపీ వేసుకుంటే అంపైర్ అయిపోవచ్చని చాలామంది అనుకుంటారు. 2022లో బీసీసీఐ మహిళల, జూనియర్ మ్యాచ్‌ల అంపైర్ల కోసం అహ్మదాబాద్‌లో పరీక్ష పెడితే, రాసిన దాదాపు 140 మందిలో గట్టెక్కింది ముగ్గురు. అప్పుడు పత్రికల్లో వచ్చిన ఒక ప్రశ్న ఇలాంటిది: పెవిలియన్ నీడో, చెట్టు నీడో, ఫీల్డర్ నీడో పిచ్ మీద పడుతోందని బ్యాటర్ ఫిర్యాదు చేస్తే ఏం చేస్తారు?

పెవిలియన్, చెట్టు కదలవు కాబట్టి వాటి నీడను పట్టించుకోనక్కర్లేదు. ఫీల్డర్ నీడ మాత్రం అతనితోపాటు కదులుతుంది. అతన్ని కదలకుండా నిలబడమని చెప్పాలి, కదిలితే డెడ్ బాల్ (ఆ బంతి లెక్కలోకి రాదని) ఇవ్వాలి. రూల్స్ బుక్‌లో "నీడ" అనే అధ్యాయమేమీ ఉండదు. బ్యాటర్ ఏకాగ్రతను చెదరగొట్టకూడదన్న సూత్రం ఎందుకు ఉందో అర్థమైనవాళ్లకే జవాబు తడుతుంది. బట్టీ పట్టినవాళ్లు ఇక్కడే ఆగిపోతారు.

రెండో తయారీ ఒంటికి సంబంధించింది. ఫుట్‌బాల్ రిఫరీ ఒక్క మ్యాచ్‌లో 10 నుంచి 12 కిలోమీటర్లు పరుగెత్తుతారు. అంతర్జాతీయ స్థాయి పురుష రిఫరీలకు ఫిఫా ఫిట్‌నెస్ పరీక్షలో ముందు 40 మీటర్ల స్ప్రింట్లు ఆరు ఉంటాయి. ఆ తర్వాత 75 మీటర్లు పరుగు, 25 మీటర్లు నడక చొప్పున 40 సార్లు, అంటే మొత్తం 4 కిలోమీటర్లు. దీనికీ నిష్పాక్షికతకూ సంబంధం ఏమిటంటారా? చాలా ఉంది. ఆయాసపడుతూ 30 మీటర్లు వెనకబడ్డ రిఫరీకి ఫౌల్ సరిగా కనబడదు. కనబడనప్పుడు ఊహించాలి. మొగ్గు దూరేది ఆ ఊహలోకే.

క్రికెట్ అంపైర్‌కు అంత పరుగు లేదు, కానీ మే నెల విజయవాడ ఎండలో రోజంతా నిలబడి ప్రతి బంతినీ చూడాలి. ఆరు గంటలపాటు ఒకే బిగువుతో చూడడం ఎవరివల్లా కాదు. బౌలర్ పరుగు మొదలుపెట్టగానే మనసును బంతి మీదికి తెచ్చుకోవడం, బంతి అయిపోగానే వదిలేయడం అనుభవమున్నవాళ్ల అలవాటు. వదిలేయడం రానివాళ్లు టీ విరామం తర్వాత అలసిపోయి తప్పులు చేస్తారు.

కబడ్డీలో మ్యాచ్ ముందు తనిఖీ నాకు చాలా ఇష్టమైన దృశ్యం. ఆటగాళ్లంతా వరసలో నిలబడి రెండు చేతులూ ముందుకు చాపుతారు. రిఫరీ ఒక్కొక్కరి గోళ్లు చూసుకుంటూ వెళ్తాడు. గోళ్లు పొట్టిగా కత్తిరించి ఉండాలి, ఉంగరాలూ గొలుసులూ ఉండకూడదు, ఒంటికి నూనె రాసుకోకూడదు. నూనె రాస్తే పట్టు జారిపోతుంది కాబట్టి చేత్తో తడిమి చూస్తారు. మొదటి కూత వినబడకముందే, ఈ రిఫరీ అందరినీ ఒకే తీరుగా చూస్తాడా లేదా అన్నది రెండు జట్లకూ అక్కడ తెలిసిపోతుంది. పేరున్న రైడర్ గోళ్లు చూడకుండా భుజం తట్టి వదిలేస్తే, అవతలి జట్టు ఆ మ్యాచ్ మొత్తం ఆయన్ని నమ్మదు.

ఎడ్ల పోటీల్లోనూ ఇలాంటిదే ఉంది. మన గుంటూరు, పల్నాడు, కృష్ణా జిల్లాల్లో ఒంగోలు జాతి ఎడ్లతో బండలాగుడు పెడితే, వయసు తెలిపే పళ్లను బట్టి రెండు పళ్ల విభాగం, నాలుగు పళ్ల విభాగం, ఆరు పళ్ల విభాగం అని విడదీస్తారు. నిర్ణీత సమయంలో ఏ జత ఎన్ని అడుగులు లాగిందన్నది కొలుస్తారు. కొలతలో గొడవ తక్కువ, టేపు అందరికీ కనబడుతుంది. అసలు నిర్ణయం ఎద్దు నోరు తెరిచి పళ్లు చూసేటప్పుడే జరుగుతుంది. అప్పుడే మొలుస్తున్న పన్ను లెక్కలోకి వస్తుందా, రాదా? ఈ మాట పోటీకి ముందే తేల్చి అందరికీ చెప్పాలి. బహుమతి ఇచ్చేటప్పుడు తేలుద్దామంటే కర్రలు లేస్తాయి.

ఏ రూల్ అమల్లో ఉందో తెలియకపోతే: హాంగ్‌ఝౌ ఫైనల్

2023 అక్టోబర్ 7న చైనాలోని హాంగ్‌ఝౌలో ఆసియా క్రీడల పురుషుల కబడ్డీ ఫైనల్ జరిగింది. భారత్, ఇరాన్ 28–28తో సమానంగా ఉన్నాయి. ఆట ముగియడానికి నిమిషం పైచిలుకే మిగిలింది. భారత రైడర్ పవన్ సెహ్రావత్ డూ ఆర్ డై రైడ్‌కు (పాయింట్ తేకపోతే రైడరే అవుటయ్యే కూతకు) వెళ్లి ఎవరినీ తాకకుండానే లాబీలోకి అడుగు పెట్టాడు. అతన్ని పట్టుకునే ఊపులో ఇరాన్ డిఫెండర్లు కూడా వెంటపడి లాబీలోకి వచ్చేశారు.

లాబీ అంటే కోర్టుకు రెండు పక్కలా ఉండే సన్నటి పట్టీ. టచ్ జరిగి పెనుగులాట మొదలైతేనే అది ఆటలోకి వస్తుంది. అంతకుముందు అక్కడ అడుగుపెడితే అవుట్. మరి అవుటయింది రైడర్ ఒక్కడేనా, వెంట వచ్చిన డిఫెండర్లు కూడానా? ఒక నిబంధన ప్రకారం రైడర్ అవుటవగానే ఆట ఆగినట్టే, తర్వాత ఎవరు ఎక్కడ అడుగు పెట్టినా లెక్కలేదు. ఇంకో నిబంధన ప్రకారం లాబీలోకి వచ్చిన వాళ్లందరూ అవుట్. ఒకదాని ప్రకారం చూస్తే మ్యాచ్ ఇరాన్ వైపు తిరుగుతుంది, ఇంకోదాని ప్రకారం భారత్‌కు ఒకేసారి నాలుగు పాయింట్లు వస్తాయి.

నిర్ణయం ఒకసారి ఇలా, ఒకసారి అలా మారింది. రెండు జట్లూ కోర్టులోనే కూర్చుని నిరసన తెలిపాయి. ఫైనల్ దాదాపు గంటసేపు ఆగిపోయింది. చివరికి భారత్‌కు నాలుగు, ఇరాన్‌కు ఒకటి ఇచ్చారు. భారత్ 33–29తో బంగారు పతకం గెలిచింది.

అక్కడ అందరూ ఏం జరిగిందో చూశారు, చూపులో తేడా లేదు. ఏ నిబంధన వర్తిస్తుందన్న దగ్గరే పేచీ. అలాంటప్పుడు ఎటు తేల్చినా ఓడినవాళ్లకు అది పక్షపాతంలాగే కనబడుతుంది. మ్యాచ్ ముందు కెప్టెన్లనూ కోచ్‌లనూ పిలిచి "ఈ టోర్నమెంట్లో లాబీ రూల్ ఇది" అని చెప్పే ఐదు నిమిషాల మీటింగ్‌ను మన ఊళ్లల్లో తరచూ ఎగ్గొడతారు. నా దృష్టిలో ఆ మీటింగ్‌ను మించిన తయారీ లేదు.

ఒక్క ఎల్‌బీడబ్ల్యూ, అర సెకను, ఐదు ప్రశ్నలు

ఇప్పుడు అసలు నిర్ణయం ఎలా జరుగుతుందో చూద్దాం. వికెట్లకు తగలాల్సిన బంతికి బ్యాటర్ కాలు అడ్డం వస్తే ఇచ్చే అవుటే ఎల్‌బీడబ్ల్యూ. గుంటూరు, కృష్ణా జట్ల మధ్య మ్యాచ్ అనుకోండి. కుడిచేతి బ్యాటర్, బౌలర్ వేగం 130 కిలోమీటర్లు. బంతి బౌలర్ చెయ్యి దాటి ప్యాడ్‌కు తగలడానికి పట్టేది సుమారు అర సెకను. ఆ తర్వాత పదకొండు మంది ఒక్కసారిగా "హౌజాట్" అని అరుస్తారు.

అంపైర్ తనను తాను అడగాల్సినవి వరసగా ఇవి. బౌలర్ ముందుకాలు గీత దాటిందా? అంతర్జాతీయ మ్యాచ్‌లలో ఇది టీవీ ముందు కూర్చునే థర్డ్ అంపైర్ చూస్తున్నారు గానీ జిల్లా మ్యాచ్‌లో ఆ సాయం లేదు. చూపు కిందికి, వెంటనే పైకి తిప్పాల్సిందే. బంతి లెగ్ స్టంప్ బయట పడిందా? పడితే ఇక అక్కడితో సరి, నాటౌట్. ముందు బ్యాట్‌కు తగిలిందా? దీనికి కళ్లకన్నా చెవి ముఖ్యం. ప్యాడ్‌కు తగిలేటప్పుడు స్టంప్స్‌కు ఎదురుగా ఉందా? బ్యాటర్ షాట్ ఆడే ప్రయత్నమే చెయ్యకపోతే ఆఫ్ స్టంప్ బయట తగిలినా పర్వాలేదు. చివరిది, అన్నిటికన్నా కష్టమైనది: ప్యాడ్ అడ్డు లేకపోతే వికెట్లకు తగిలేదా?

మొదటి నాలుగూ జరిగిన సంగతులు. ఐదోది జరగనిది, ఊహ. కాలు బాగా ముందుకు వేసిన బ్యాటర్ విషయంలో బంతి ఇంకా రెండు మీటర్లకు పైగా వెళ్లాలి. ఆ దూరంలో ఎంత లేస్తుందో, ఎటు తిరుగుతుందో ఖాయంగా చెప్పడం కష్టం కాబట్టి అంపైర్లు వెనకాడతారు. అదే క్రీజులోనే ఉండిపోయిన బ్యాటర్‌కు తగిలితే ఊహించాల్సిన దూరం తక్కువ, వేలు తొందరగా లేస్తుంది. బయటినుంచి చూసేవాళ్లకు "ఇందాక వాడికి ఇవ్వలేదు, వీడికి ఇచ్చాడు" అనిపించే తేడాల్లో చాలావరకు ఈ దూరం తేడాలే.

అదే బంతికి రెండు జవాబులా? అంపైర్స్ కాల్ మీద వాదన

అంపైర్ నిర్ణయాన్ని జట్లు టీవీ రీప్లేతో సవాలు చేసే రివ్యూ పద్ధతి డీఆర్‌ఎస్‌లో జనాన్ని ఎక్కువగా తికమక పెట్టేది అంపైర్స్ కాల్. బాల్ ట్రాకింగ్ చూపించే దారిలో బంతి సగానికి తక్కువే స్టంప్స్‌కు తగిలేట్టు ఉంటే మైదానంలో ఇచ్చిన నిర్ణయమే నిలుస్తుంది. 40 శాతం బంతి లెగ్ స్టంప్‌ను రాసుకుంటూ పోతుందని తేలింది అనుకుందాం. అంపైర్ ముందు అవుట్ అని ఉంటే అవుటే. నాటౌట్ అని ఉంటే నాటౌటే. రివ్యూ అడిగిన జట్టు దాన్ని కోల్పోదు.

ఇది అన్యాయమనేవాళ్ల వాదన తేలిగ్గా తీసెయ్యదగ్గది కాదు. 2021లో విరాట్ కోహ్లీ కూడా ఇదే అన్నాడు: దీనివల్ల గందరగోళం పెరుగుతోంది, బంతి వికెట్లకు తగిలేట్టుంటే అవుట్, లేకపోతే నాటౌట్ అనాలి. బౌల్డ్ అయినప్పుడు 40 శాతం తగిలిందా 60 శాతం తగిలిందా అని ఎవరూ అడగరు కదా.

రెండోవైపు వాదన ఏమిటంటే, బౌల్డ్ జరిగిన సంగతి, బాల్ ట్రాకింగ్ చూపించేది అంచనా. ప్యాడ్‌కు తగిలేవరకు కెమెరాలు చూసిన దారి నిజమైనది, ఆ తర్వాతి గీత లెక్కకట్టింది. లెక్కలో కొంత తేడా ఉండే వీలుంది కాబట్టి అంచున పడిన బంతి విషయంలో యంత్రం "నాకు ఖాయంగా తెలియదు, దగ్గర నిలబడి చూసిన మనిషి మాట ఉండనిద్దాం" అంటోందన్నమాట. అనిల్ కుంబ్లే అధ్యక్షతన ఉన్న ఐసీసీ క్రికెట్ కమిటీ 2021లో ఈ పద్ధతిని కొనసాగించింది. నాకు రెండో వాదనే సబబుగా తోస్తుంది, కానీ టీవీలో ఆ గీతను ఊగిసలాట లేకుండా నిటారుగా చూపించినంత కాలం ప్రేక్షకులు దాన్ని అంచనా అని ఒప్పుకోరు.

నిజాయితీ ఉన్నా ఎందుకు మొగ్గుతారు

ఇక అసలు చిక్కులోకి వద్దాం. లంచం లేదు, బంధుత్వం లేదు. అయినా నిర్ణయాలు ఒక వైపు జరుగుతాయని పరిశోధనలు చెబుతున్నాయి.

ఇంగ్లండ్‌లో 40 మంది అర్హత పొందిన ఫుట్‌బాల్ రిఫరీలకు లివర్‌పూల్, లీస్టర్ జట్ల మ్యాచ్ నుంచి 47 సంఘటనల వీడియోలు చూపించారు. సగం మందికి జనం అరుపులతో, సగం మందికి నిశ్శబ్దంగా. 2002లో వచ్చిన ఫలితం ఇది: అరుపులు విన్నవాళ్లు సొంత మైదానం జట్టు మీద దాదాపు 15 శాతం తక్కువ ఫౌల్స్ ఇచ్చారు. వాళ్లకు ఎవరితోనూ పరిచయం లేదు, గదిలో కూర్చుని టీవీ చూస్తున్నారు. అనుమానంగా ఉన్నప్పుడు మనసు ఏదో ఒక ఆధారం వెతుక్కుంటుంది, గ్యాలరీ గోల ఆధారంగా దొరుకుతుంది.

జర్మనీలో 2008లో తైక్వాండోలో ఇంకో పరీక్ష చేశారు. అనుభవమున్న 42 మంది రిఫరీలకు ఒకే పోరాటాలను రెండుసార్లు చూపించారు. రెండోసారి కంప్యూటర్‌తో రక్షణ దుస్తుల రంగులు తారుమారు చేశారు, ఎర్రది నీలం, నీలం ఎర్రది. ఎర్ర దుస్తుల్లో కనబడిన వ్యక్తికి సగటున 13 శాతం ఎక్కువ పాయింట్లు పడ్డాయి. పోరాటం మారలేదు, రంగు మాత్రమే మారింది.

స్పెయిన్ లీగ్ మ్యాచ్‌లలో ఆట చివర కలిపే అదనపు నిమిషాలను లెక్కగట్టినవాళ్లకు ఇంకొకటి కనబడింది. సొంత మైదానం జట్టు ఒక్క గోల్ వెనకబడి ఉంటే రిఫరీ ఎక్కువ సమయం ఇస్తున్నాడు, ఒక్క గోల్ ముందుంటే తొందరగా ముగిస్తున్నాడు. టెస్ట్ క్రికెట్లో ఎల్‌బీడబ్ల్యూల మీద జరిగిన పరిశోధనలోనూ సొంత దేశం అంపైర్లు నిలబడ్డ రోజుల్లో ఆతిథ్య జట్టుకు కొంత లాభం కనబడింది, తటస్థ అంపైర్లు వచ్చాక అది తగ్గింది.

అయితే సొంత మైదానంలో గెలుపులన్నీ రిఫరీ చలవే అనుకుంటే పప్పులో కాలేసినట్టే. అలవాటైన పిచ్, ప్రయాణ బడలిక లేకపోవడం, సొంత జనం ముందు ఉత్సాహం కూడా ఉన్నాయి. సొంత జట్టు ఎక్కువగా దాడి చేస్తే అవతలివాళ్లు ఎక్కువ ఫౌల్స్ చెయ్యడం సహజం, అందులో రిఫరీ తప్పేముంది? ఈ రెంటినీ విడదీయడం పరిశోధకులకు కష్టమయ్యేది. కోవిడ్ రోజుల్లో ఖాళీ స్టేడియాల్లో ఆడించినప్పుడు ఒక దారి దొరికింది. మైదానం అదే, జట్లు అవే, జనం మాత్రమే లేరు. యూరప్ ఫుట్‌బాల్లో బయటి జట్లకు పడే పసుపు కార్డులు తగ్గాయి. గెలుపోటముల మీద ప్రభావం మాత్రం లీగ్‌కో తీరుగా కనబడింది, దాని మీద చర్చ ఇంకా నడుస్తోంది.

పక్క ఊరి అంపైర్ సూత్రం, దానికయ్యే ఖర్చు

మొగ్గు మనిషికి తెలియకుండా జరిగేదైతే "నిజాయితీగా ఉండు" అని చెప్పి లాభం లేదు. ఏర్పాట్లు మార్చాలి. క్రికెట్ చేసింది అదే. 1986లో లాహోర్‌లో పాకిస్తాన్, వెస్టిండీస్ టెస్టుకు రెండు దేశాలకూ చెందని అంపైర్లను పెట్టారు. ఆ ఇద్దరూ మనవాళ్లే, హైదరాబాద్‌కు చెందిన వి.కె. రామస్వామి, ముంబైకి చెందిన పీలూ రిపోర్టర్. 1994 నుంచి ప్రతి టెస్టులో ఒకరు తటస్థ అంపైర్ ఉండడం మొదలైంది, 2002లో ఎలైట్ ప్యానెల్‌తో (ఐసీసీ ఎంచుకున్న అగ్రశ్రేణి అంపైర్ల బృందంతో) ఇద్దరూ తటస్థులే అయ్యారు.

దీనికీ ఒక మూల్యం ఉంది. ఆస్ట్రేలియా అంపైర్ సైమన్ టౌఫెల్ 2004 నుంచి 2008 వరకు వరసగా ఐదేళ్లు ఐసీసీ ఉత్తమ అంపైర్. కానీ 2007 ప్రపంచకప్ ఫైనల్లో ఆస్ట్రేలియా ఆడుతోంది కాబట్టి అందరికన్నా మెరుగైన అంపైర్ ఆ మ్యాచ్‌కు నిలబడలేదు. 2011లో ముంబైలో మనం గెలిచిన ఫైనల్లో గానీ ఆయనకు అవకాశం రాలేదు. కోవిడ్ వల్ల 2020లో స్థానిక అంపైర్లను మళ్లీ అనుమతించినప్పుడు జట్లకు ఇన్నింగ్స్‌కు ఒక రివ్యూ అదనంగా ఇచ్చారు. రివ్యూ ఉన్నప్పుడు తటస్థత ఎందుకు, సమర్థతే చూడండి అని కొందరంటారు. జట్ల నమ్మకం కూడా సమర్థతలో భాగమే కదా అని ఇంకొందరు.

మన దగ్గర ఈ ప్రశ్న ఇంకా సూటిగా ఎదురవుతుంది. గుంటూరు, కృష్ణా ఆడితే ప్రకాశం నుంచి అంపైర్‌ను పిలవచ్చు. ఊరి టోర్నమెంట్లో అది కుదరదు. రిఫరీగా దొరికేది పక్క హైస్కూల్ పీఈటీ మాస్టారు. ఆడేవాళ్లలో ఇద్దరు ఆయన శిష్యులు, ఒకడు ఆయన బావమరిది కొడుకు. "మాస్టారూ, కాస్త చూడండి" అని చెవిలో చెప్పేవాళ్లు ఉంటారు. ఆయన ఎంత గట్టివాడైనా రెండు ప్రమాదాలున్నాయి. మనవాడని వదిలేయడం మొదటిది. మనవాడికి ఇస్తే జనం ఏమంటారోనని, ఇవ్వాల్సిన పాయింట్ కూడా ఇవ్వకపోవడం రెండోది. రెండో దాన్ని మనం మెచ్చుకుంటాం గానీ ఆ కుర్రాడికి అదీ అన్యాయమే. చెయ్యగలిగిన పని, చుట్టరికం ముందే కమిటీకీ రెండు జట్లకూ చెప్పేయడం, ఆ మ్యాచ్‌కు సాధ్యమైతే స్కోరర్ బల్ల దగ్గరికి మారిపోవడం.

మైదానంలో పాటించే కొన్ని పట్టుదలలు కూడా ఉన్నాయి. ఇద్దరు కెప్టెన్లతోనూ ఒకే మాట, ఒకే గొంతు. ఒకరిని "తమ్ముడూ" అని, ఇంకొకరిని "ఏయ్ నంబర్ సెవెన్" అని పిలవకూడదు. ఇందాక తప్పు ఇచ్చానని తెలిసినా ఇప్పుడు అవతలివాళ్లకు ఒకటి ఇచ్చి సరిపెట్టకూడదు. మన జనానికి ఈ సర్దుబాటు న్యాయంగానే తోస్తుంది. అంపైర్లకు శిక్షణలో నేర్పేది మాత్రం దీనికి పూర్తిగా విరుద్ధం. ఒక తప్పుకు ఇంకో తప్పు కలిపితే రెండు తప్పులవుతాయి, రెండోది తెలిసి చేసింది కాబట్టి మోసం గీతకు దగ్గరగా వస్తుంది.

చివరి నిమిషం సంగతి మాత్రం నిజంగా వివాదమే. కబడ్డీ ఆఖరి రైడ్‌లో స్కోరు సమానం, రైడర్ మడమ ఎండ్ లైన్‌ను తాకీ తాకనట్టు తాకింది. "ఆటగాళ్లనే తేల్చుకోనివ్వాలి, అంత చిన్న దానికి విజిల్ వేసి మ్యాచ్ తేల్చేయకూడదు" అనే రిఫరీలున్నారు. ఊరుకోవడం కూడా ఒక నిర్ణయమే, దాంతోనూ ఒక జట్టు ఓడుతుంది అనేవాళ్లున్నారు. మొదటి నిమిషంలో పట్టుకునే తప్పును చివరి నిమిషంలోనూ పట్టుకోవాలన్నదే నాకు న్యాయంగా కనబడుతుంది.

ఫోన్ వీడియో ఎంతవరకు నిజం చెబుతుంది

వాట్సాప్‌లో తిరిగే వీడియోల గురించి ఒక లెక్క చెప్పుకోవాలి. మామూలుగా ఫోన్ వీడియో సెకనుకు 30 బొమ్మలు తీస్తుంది. 120 కిలోమీటర్ల వేగంతో వచ్చే బంతి సెకనుకు 33 మీటర్లు కదులుతుంది. అంటే ఒక బొమ్మకూ తర్వాతి బొమ్మకూ మధ్య బంతి ఒక మీటరుకు పైగా వెళ్లిపోతుంది. బ్యాట్ అంచుకు తగిలిందా లేదా అన్న క్షణం ఆ మీటరులో ఎక్కడో ఉంటుంది, ఏ బొమ్మలోనూ ఉండకపోవచ్చు. సెకనుకు ఆరు మీటర్లు పరుగెత్తే బ్యాటర్ కూడా రెండు బొమ్మల మధ్య 20 సెంటీమీటర్లు ముందుకొస్తాడు. అంగుళంతో తేలే రనౌట్‌ను ఆ వీడియో తేల్చలేదు.

ఇక కోణం. మిడ్ వికెట్ దగ్గర షామియానా కింద కూర్చుని తీసిన వీడియోలో గీతకు సరిగ్గా ఎదురుగా చూడడం ఉండదు. పక్కనుంచి చూస్తే బయట ఉన్న బ్యాట్ లోపల ఉన్నట్టు, లోపల ఉన్నది బయట ఉన్నట్టు కనబడుతుంది. బౌలర్ వైపు అంపైర్, బంతి ఫీల్డర్ చేతికి వెళ్లగానే పక్కకు పరుగెత్తి క్రీజు గీతకు వరసలో నిలబడేది అందుకే.

ఆర్చరీలో ఈ కోణం సమస్యను తీర్చుకున్న తీరు చూడండి. హాంగ్‌ఝౌలో మూడు బంగారు పతకాలు గెలిచిన జ్యోతి సురేఖ పుణ్యమా అని విజయవాడలో ఈ ఆట గురించి తెలియనివాళ్లు తక్కువ. బాణం రెండు రింగుల మధ్య గీతకు ఏమాత్రం తగిలినా ఎక్కువ విలువే ఇవ్వాలి. తగిలిందా లేదా అని పేచీ వస్తే జడ్జిని పిలుస్తారు. అప్పటిదాకా బాణాన్ని, కాగితాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. జడ్జి దగ్గరికి వచ్చి, భూతద్దం పట్టుకుని బాణానికి ఒక పక్కనుంచి వంగి చూస్తాడు, తర్వాత రెండో పక్కకు వెళ్లి చూస్తాడు. తొమ్మిదో పదో చెబుతాడు. ఇక దాని మీద అప్పీలు లేదు. ఎవరి బాణమైనా చూసే పద్ధతి అదే.

యంత్రాలు వస్తే ఈ తలనొప్పి పోతుందా అంటే, కొంత పోతుంది. 2025లో వింబుల్డన్ లైన్ జడ్జిలను పూర్తిగా తీసేసి ఎలక్ట్రానిక్ పద్ధతి పెట్టింది. ఆ టోర్నమెంట్లోనే ఒక మ్యాచ్‌లో పొరపాటున ఆ వ్యవస్థ కాసేపు ఆగిపోయి, బయట పడిన బంతిని పట్టుకోలేక పాయింట్ మళ్లీ ఆడించాల్సి వచ్చింది. ఫుట్‌బాల్లో వీడియో చూసి రిఫరీకి సాయపడే వీఏఆర్ కూడా గోల్, పెనాల్టీ, నేరుగా ఇచ్చే రెడ్ కార్డ్, ఒకరికి బదులు ఇంకొకరికి కార్డు ఇవ్వడం లాంటి కొన్నింటికే పరిమితం. అక్కడా "స్పష్టమైన తప్పు" అయితేనే మార్చాలి. ఎంత స్పష్టమైతే స్పష్టం? దానికి మళ్లీ మనిషే కావాలి.

కారణం మైకులో చెప్పాలా

2023 మహిళల ఫుట్‌బాల్ ప్రపంచకప్‌లో వీఏఆర్ చూశాక రిఫరీ తన నిర్ణయాన్ని స్టేడియం మొత్తానికి మైకులో చెప్పారు. మన ఊరి కబడ్డీలో మైకు ఎప్పుడూ ఉంటుంది, వ్యాఖ్యాత ఆట మొత్తం మాట్లాడుతూనే ఉంటాడు. "రైడర్ బాక్ లైన్ దాటకుండా వెనక్కి వచ్చాడు, అందుకే అవుట్" అని రిఫరీ నోట ఒక్క వాక్యం ఆ మైకులో వినిపిస్తే సగం గొడవలు అక్కడే ఆగుతాయని నా నమ్మకం. జనానికి కోపం తెప్పించేది చాలాసార్లు నిర్ణయం కన్నా దాని వెనక ఏముందో తెలియకపోవడమే.

దీన్ని ఒప్పుకోని సీనియర్ రిఫరీల మాట కూడా వినదగ్గదే. కారణం చెబితే దాని మీద వాదన మొదలవుతుంది, 40 నిమిషాల మ్యాచ్ గంటన్నర సాగుతుంది, కోచ్‌లు ప్రతి పాయింట్‌కూ వివరణ అడుగుతారు అంటారు. చేతి సైగలు ఉన్నదే అందుకు, అవి జనం నేర్చుకుంటే చాలు అన్నది వాళ్ల మాట. మధ్యే మార్గంగా, పాయింట్ మారిన నిర్ణయాలకూ కార్డు చూపించిన సందర్భాలకూ మాత్రమే మైకు ఇచ్చి, వివరణ అయ్యాక ప్రశ్నలు తీసుకోకుండా ఆట మొదలుపెట్టే పద్ధతిని రాబోయే సంక్రాంతి పోటీల్లో ఏ కమిటీ అయినా ప్రయత్నించి చూడవచ్చు. మైకు ఎలాగూ ఉంది, అదనంగా అయ్యే ఖర్చేమీ లేదు.